పెరట్లో శరత్తు వచ్చిందన్న మహజరు

"వెయ్యిన్ని తొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరం సెప్టెంబరు ఇరవై ఏడో తేదీ, పాత లెక్కన పద్నాలుగో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర గంటలకు, ఐన్ జర్నా గ్రామంలో, కీర్తిశేషుడు హబీబ్ షల్హూబ్ గారి భార్య లబీబా గారి పెరటి తోటలో, ద్రాక్ష పందిరి కింద హాజరైనవారు: గ్రామ ముఖ్తారు తనూస్ గారు, ఫిర్యాది అయిన విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు నసీబ్ మఅలూఫీ గారు, తోట యజమానురాలు లబీబా గారు, ఆమె ఆడపడుచు అద్లా గారు."

ఇంతవరకు రాసి ముఖ్తారు కలం ఆపాడు. డెబ్బై ఏళ్ల గ్రామాధికారి. నెత్తిన ఎర్ర కుచ్చుటోపీ, జేబులో ప్రభుత్వం వారిచ్చిన ఇత్తడి ముద్ర.

"ఫిర్యాది అని రాశాను గానీ ఉస్తాద్, ఇంతకీ ఎవరి మీద ఫిర్యాదు?"

"ఎవరి మీదా కాదు. ఒక విషయాన్ని ధ్రువపరచమని అర్జీ" అన్నాడు నసీబ్.

"అయితే అర్జీదారు." ముఖ్తారు కొట్టివేసి పైన రాశాడు. "ఏ విషయం?"

"ఈ తోటలోకి ఆకురాలు కాలం వచ్చిందన్న విషయం."

నలభై ఏళ్ల ఉద్యోగంలో ముఖ్తారు జననాలు రాశాడు, మరణాలు రాశాడు, సరిహద్దు రాళ్లు జరిగిన సంగతీ, కంచరగాడిదలు తప్పిపోయిన సంగతీ రాశాడు. ఒక ఋతువు కక్షిదారుగా ఆయన ముందుకు రావడం ఇదే మొదలు.

"రాయి తనూస్, రాయి" అంది అద్లా, ఒళ్లో పళ్లెం పెట్టుకుని పప్పులో రాళ్లు ఏరుతూ. "మా మేనల్లుణ్ణి ఫిబ్రవరి ముప్పయ్యో తేదీన పుట్టించావు. ఆకులకైనా సరైన తేదీ వెయ్యి."

"ఆ ఏడు కొత్త రిజిస్టరు వచ్చింది, గీతలు కనపళ్లేదు" అన్నాడు ముఖ్తారు, ఇరవై ఏళ్లుగా చెబుతున్న సంజాయిషీనే మరోసారి చెబుతూ.

నసీబ్ నవ్వలేదు. తేదీల విషయంలో నవ్వే అలవాటు ఆయనకు లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఊరి పిల్లలకు అక్షాంశాలూ రేఖాంశాలూ నేర్పి ఉస్తాద్ అనిపించుకుని, పెళ్లి మాట మరచిపోయి, యాభై ఏడో ఏట పుస్తకాల మధ్య ఒంటరిగా స్థిరపడిన మనిషి. ఆయన ఇంటికీ లబీబా పెరటికీ నడుమ నడుమెత్తు రాతిగోడ ఒకటే అడ్డు. ఆ గోడ ఇవతల నిలబడి ఆయన పదిహేడేళ్లుగా, ఏడాదికొక నోటుపుస్తకం చొప్పున, ఏ రోజు ఏ పువ్వు విచ్చిందీ, ఏ పిట్ట దిగిందీ రాసుకుంటున్నాడు. తన కంటితో చూడనిది ఒక్కటీ అందులోకి ఎక్కించలేదు. జ్వరం వచ్చి లేవలేని రోజుల్లో "చూడలేదు" అని రాసి, కింద సంతకం కూడా పెట్టుకున్న మనిషి.

అటువంటి మనిషి గడిచిన మే నెలలో ఒక ఉదయం, లబీబా చిక్కుడు పాదులకు నీళ్లు పోస్తూండగా, గోడ మీదుగా ఒక ఉత్తరం అందించాడు. నాలుగు పుటలు, అయిదు శీర్షికలు. పెళ్లి చేసుకుంటే ఉభయులకూ కలిగే ప్రయోజనాలను వరుసగా వివరించిన ఉత్తరం అది. మూడో శీర్షిక "భోజన వేళల క్రమబద్ధత". భర్త పోయి రెండేళ్లయిన లబీబా ఆ ఉత్తరాన్ని నిలబడే చదివింది, తడిచేతి వేళ్ల ముద్రలు పడకుండా అంచులు పట్టుకుని. చదివాక మడిచి గౌను జేబులో పెట్టుకుంది.

"ఎండాకాలం పోనివ్వండి ఉస్తాద్. బేరూత్ నుంచి మరుదులూ వాళ్ల పిల్లలూ దిగుతారు. వాళ్లకి వండి పెట్టడంతోనే నాకు తెల్లారుతుంది. నా పెరట్లోకి ఆకురాలు కాలం వచ్చాక చెప్తాను."

మరెవరైనా ఆ మాటను "చూద్దాంలే" అన్న అర్థంలో తీసుకుని ఊరుకుందురు. నసీబ్ ఇంటికి వెళ్లి, పదిహేడో నోటుపుస్తకంలో తేదీ వేసి, ఆ వాక్యాన్ని యథాతథంగా రాసుకున్నాడు. కింద ఒక గీత గీసి, "షరతు స్పష్టం" అని చేర్చాడు.

ఆనాటి నుంచి ఆయన ప్రతి ఉదయం ఆరింటికి గోడ దగ్గరికి వచ్చేవాడు. షరతు ఎప్పుడు నెరవేరుతుందో కనిపెట్టడమే పని కనుక అడగవలసినవి చాలా ఉండేవి. దానిమ్మ కాయల తొక్క బిగిసిందా? కందిరీగలు నిన్నటి కంటే తగ్గాయా? పందిరి నీడ నిన్న ఎంతవరకు వచ్చింది? లబీబా మొదట్లో ముక్తసరిగా జవాబు చెప్పేది. జూలై వచ్చేసరికి చేతిలో చెంబు పక్కన పెట్టి చెప్పేది. ఆగస్టులో ఆమే ముందుగా మొదలుపెట్టేది: "నిన్న సాయంత్రం మీరు లోపలికి పోయాక ఏం జరిగిందో తెలుసా? దానిమ్మ మీద కొత్త పిట్ట వాలింది. నీళ్ల తొట్టి చుట్టూ రెండు సార్లు తిరిగి, నా వైపు చూసి, నచ్చక పోయింది." ఆమె తోటలోకి వచ్చే వేళ ఆరు నుంచి ఆరుకు పది నిమిషాల ముందుకూ, తరవాత ఇరవై నిమిషాల ముందుకూ జరిగింది. నసీబ్ ఈ మార్పును నమోదు చేసి, కారణం అన్న గడిలో "ఎండ తీవ్రత" అని రాశాడు.

సెప్టెంబరు పద్నాలుగున శిలువ పండగ. ఆ కొండల మీద వేసవికి అదే ఆఖరి రోజు. నసీబ్ ఇస్త్రీ కోటు తొడుక్కుని గోడ దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"శిలువ పండగ వచ్చింది లబీబా గారూ."

"ఏ శిలువ పండగ?" అంది ఆమె టమాటాలు కోస్తూ.

"ఏదేమిటి? ఇవాళే కదా!"

"గుడి లెక్కన ఇవాళ. మా నాయనమ్మ లెక్కన ఇంకా పదమూడు రోజులుంది. గుళ్లో లెక్క మార్చినప్పుడు నా అంజూరపు చెట్టుని ఎవరూ అడగలేదు ఉస్తాద్. అది పాత లెక్కనే పండుతుంది."

భూగోళం చెప్పిన మనిషి, ఆ ఊరి గుడి నలభై ఏళ్ల కిందట పాత పంచాంగం వదిలి కొత్త లెక్కకు మారినా ఊరి పెరళ్లు మారలేదన్న సంగతి మరిచి, తప్పు పండగ నాడు కోటు తొడుక్కున్నాడు. పదమూడు రోజులు ఆ కోటు వంకెకు వేలాడింది.

ఇరవై మూడో తేదీన ఆయన సూర్యుణ్ణి సాక్ష్యానికి తెచ్చాడు. పగలూ రాత్రీ సమానమైన దినం, ఇది ఖగోళ సత్యం, ఎవరూ కాదనలేరు. లబీబా కాదనలేదు. "సూర్యుడి సంగతి మీకు తెలుసు ఉస్తాద్. నేనన్నది నా పెరటి సంగతి" అంది. మర్నాడు గోడ మూల, వేసవి పోయాకే పూసే నక్కవుల్లి తెల్లటి పూలకంకి లేపింది. "దానికి ఆకే లేదు, బుర్ర ఎక్కడిది? దాని మాట పట్టుకుంటారా?" అంది. ఆ మర్నాడు చలికి ముందు దిగే ఎర్రరొమ్ము పిట్ట వచ్చింది. "దారి తప్పి వచ్చుంటుంది" అంది. ఆపై నాడు అంజూరపాకు ఒకటి పసుపు పచ్చగా రాలి గోడ మీదే పడింది. దాన్ని ఆమె తీసి, చీపురుతో ఊడ్చిన చెత్తలో కలిపేసింది.

ఒప్పుకోని కక్షిదారు ఎదురైతే ఉస్తాద్ చేయగలిగింది ఒక్కటే: సాక్షుల ముందు, ముద్రతో, మహజరు రాయించడం. అందుకే ముఖ్తారును పిలిపించాడు. అంతటితో ఆగలేదు. పాత శిలువ పండగ ముందు సాయంత్రం ఊళ్లో పెద్దవాళ్లు చేసినట్టే గోడ మీద పన్నెండు అంజూరపాకులు పరిచి, ఒక్కొక్క దాంట్లో చిటికెడు రాతి ఉప్పు పెట్టాడు. అక్టోబరు మొదలు పన్నెండు నెలలకు పన్నెండు ఆకులు. తెల్లారేసరికి ఏ ఆకులో ఉప్పు కరిగితే ఆ నెలలో వాన. తరగతి గదిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఎగతాళి చేసిన పని ఇది. ఇప్పుడు మహజరులో నాలుగో ఆధారం.

"సరే, ఒక్కొక్కటీ చూపించు" అన్నాడు ముఖ్తారు, చేతికర్ర పుచ్చుకుని లేస్తూ.

పందిరి కింద వెలుగు అప్పటికే తేనెరంగులోకి తిరిగింది. ద్రాక్షాకుల అంచులు కాలిన కాగితంలా ముడుచుకున్నాయి. పగిలిన దానిమ్మ మీద ఒక కందిరీగ ఎగరడానికి బద్ధకించి నడుస్తోంది. మహజరు అక్కర్లేకుండానే కళ్లున్న ఎవరికైనా సంగతి తెలిసేది. కానీ అర్జీ అర్జీయే.

"మొదటిది, నక్కవుల్లి" అన్నాడు నసీబ్.

"పూసింది" అని ముఖ్తారు రాసుకున్నాడు. "అమ్మాయీ, ఆక్షేపణ?"

నలభై ఎనిమిదేళ్ల లబీబాను అమ్మాయీ అని పిలిచేవాడు ఆ ఊళ్లో ఆయనొక్కడే.

"ఉంది బాబాయ్. అది ప్రతి ఏడూ తొందరపడుతుంది."

"ఆక్షేపణ రాశాను. రెండోది?"

"ఎర్రరొమ్ము పిట్ట. శుక్రవారం ఉదయం ఆరూ ఏడు నిమిషాలకు, దానిమ్మ మీద."

"ఇప్పుడు లేదే?"

"ఇవాళ ఆదివారం. చర్చికెళ్లుంటుంది" అంది అద్లా.

మూడోది అంజూరం. చెట్టు కింద పదకొండు ఆకులు రాలి ఉన్నాయి. నసీబ్ ముందే లెక్క పెట్టాడు. ముఖ్తారు కర్రతో ఒకదాన్ని తిరగేశాడు. పండిన ఆకే. లబీబా ఆక్షేపణ చెప్పబోయి, ఎందుకో మానుకుంది.

నాలుగోది గోడ మీది ఉప్పు. మొదటి ఆకు దగ్గర ముఖ్తారు వంగి చూశాడు. అక్టోబరు ఆకు దొన్నెలో ఉప్పు లేదు. దాని చోట ఒక చుక్క నీరు మెరుస్తోంది. ఆయన వేలు ముంచి నాలుకకు తగిలించుకుని తల పంకించాడు.

"ఇది ఉప్పునీరే. అక్టోబరు దగ్గర పడగానే వాన పడుతుంది. మా నాన్న దగ్గర్నించి ఇది తప్పింది నేను చూడలేదు." ఆయన తల తిప్పి లబీబా వైపు చూశాడు. "ఏమంటావమ్మాయీ? నేను ఆకురాలు కాలం వచ్చిందని రాయాలి మరి."

లబీబా కొంచెంసేపు ఆ చుక్క నీటినే చూసింది.

"రాయండి బాబాయ్. ఒప్పుకున్నట్టే రాయండి. ఉప్పుతో వాదించడానికి నేనెవర్ని? రాయడం అయ్యాక నేనిచ్చిన మాట ప్రకారం చెప్పాల్సింది చెప్పేస్తాను." నడుముకు కట్టుకున్న వంటగుడ్డ విప్పి మడిచింది. "కాఫీ పొయ్యి మీద ఉంది. తెస్తాను."

ఆమె లోపలికి వెళ్లింది. నసీబ్ మనసులో లెక్క చూసుకున్నాడు. అయిదు నెలలు, నాలుగు ఆధారాలు, రెండు పంచాంగాలు; చివరికి సత్యం నిలిచింది. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు.

వంటింటి కిటికీ లోంచి యాలకుల వాసన వచ్చింది. అద్లా పప్పు ఏరడం ఆపింది.

"చక్కెర డబ్బా అలమర పైఅరలోనే ఉంది" అంది, ఎవరితోనో కానట్టుగా. "పొద్దున్నించి చూస్తున్నాను. దాన్ని దించలేదు."

ముఖ్తారు తన కలం పాళీని చాలా శ్రద్ధగా పరీక్షించసాగాడు. ఆ కొండల్లో పెళ్లి మాట మీద వచ్చినవాడికి జవాబు నోటి కంటే ముందు కాఫీ చెబుతుంది. ఔననేవాళ్లు చక్కెర వేస్తారు. కాదనేవాళ్లు, చావు ఇంట్లో ఇచ్చినట్టే, చేదుగా ఇస్తారు. ఈ సంగతి భూగోళ శాస్త్రంలో లేకపోయినా నసీబ్‌కు తెలుసు.

"యాలకులు ఎక్కువ వేస్తే చక్కెర అక్కర్లేదేమో" అన్నాడాయన నెమ్మదిగా.

"నీ కొంప కూలా, ఉస్తాద్! ఆకు రంగు మారితే అరమైలు నుంచి కనిపెడతావు. మనిషి మొహం మారితే నీకు ఎదురుగా ఉన్నా కనపడదా?" అద్లా పళ్లెం కింద పెట్టింది. గొంతు తగ్గించింది గానీ, ఆమె తగ్గించిన గొంతు కూడా గోడ అవతలికి వినపడేదే. "నా తమ్ముడు మంచివాడే, దేవుడు వాణ్ణి చల్లగా చూడ. ఇరవై ఆరేళ్లు దాని చేతి వంట తిన్నాడు. ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో తప్ప దాన్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు నువ్వొచ్చి పొద్దున్నే నీడ ఎంత పొడుగుందని అడుగుతున్నావు. పిట్ట ఎటు నుంచి వచ్చిందని అడుగుతున్నావు. అది చెప్పిందల్లా పుస్తకంలో రాసుకుంటున్నావు. మా లబీబాకి ఇన్నాళ్లకి నోరొచ్చింది."

"అయితే మరి, అటువంటప్పుడు..."

"అటువంటప్పుడు ఏమిటి? నిన్ను చేసుకుంటే నువ్వూ లోపలికొచ్చి కూచుని భోజనం ఎప్పుడంటావు. ఉత్తరంలో రాశావుగా, నాకూ చదివి వినిపించింది. చేసుకోనంటే రేపట్నించి కిటికీ మూసుకుని కూచుంటావు. మగాడివి, నీకు పరువుంటుంది. ఎటు చెప్పినా గోడ దగ్గర మనిషుండడు. అందుకే పాపం ఎండాకాలాన్ని రెండు చేతులా పట్టుకు కూచుంది. నువ్వేమో ముద్ర వేయించి మరీ లాక్కుంటున్నావు."

నసీబ్ పెట్టుకున్న కోటు గుండీ విప్పాడు. అలవాటు కొద్దీ ఆ మాటల్లో దోషం ఎక్కడుందా అని వెతికాడు. కిటికీ మూసుకోడా? మూసుకుంటాడు, తనను తాను ఎరుగును. భోజనం ఎప్పుడని అడగడా? మూడో శీర్షిక తానే రాశాడు, సగం పుట. ఆరుకు ఇరవై నిమిషాల ముందు చెంబు పట్టుకుని వచ్చే మనిషి గుర్తుకు వచ్చింది. "ఎండ తీవ్రత" అని రాసిన గడి గుర్తుకు వచ్చింది. పదిహేడు పుస్తకాల్లోనూ అదొక్కటే తప్పుడు నమోదు అని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

లబీబా పళ్లెంతో వచ్చింది. నాలుగు చిన్న గిన్నెలు. చక్కెర లేదు. ఆమె ఎవరి మొహమూ చూడకుండా పళ్లెం బల్ల మీద పెట్టింది.

"చల్లారకముందే తీసుకోండి" అంది.

ముఖ్తారు చెయ్యి చాచబోయాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు నసీబ్. "కాఫీ తరవాత. ముందు మహజరులో ఒక సవరణ ఉంది."

"ఏం సవరణ?"

"ఆధారాలు సరిపోవు. ఉపసంహరించుకుంటున్నాను."

ముఖ్తారు కుచ్చుటోపీ వెనక్కి తోసుకున్నాడు. "ఉస్తాద్, నన్ను ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేపి తీసుకొచ్చింది నువ్వు. రాయమన్నది నువ్వు. ఆమె ఒప్పుకుంది కూడా!"

"ఆమె మర్యాద కొద్దీ ఒప్పుకున్నారు. శాస్త్రం మర్యాదతో నడవదు. చూడండి, నక్కవుల్లి దుంపలో దాచుకున్న బలంతో పూస్తుంది. బయటి వాతావరణంతో దానికి నిమిత్తం లేదు. ఆక్షేపణ సబబైనదే. రెండోది, పిట్ట. ఒక్క పిట్టతో ఋతువు రుజువు కాదు. పైగా దాన్ని నేను కళ్లజోడు లేకుండా చూశాను."

ఇది అబద్ధం. యాభై ఏడేళ్ల జీవితంలో ఆయన తేదీ వేసి చెప్పిన మొదటి అబద్ధం. చెప్పాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అంజూరమో?" అన్నాడు ముఖ్తారు. "పదకొండు ఆకులు లెక్కపెట్టించావు!"

"అది కాలం వల్ల పండిన ఆకు కాదు. నీళ్లు చాలక పండింది."

"ఏమన్నారు?" అంది లబీబా.

"వేసవిలో నీటి ఎద్దడి ఉన్న చెట్లకు..."

"నా చెట్టుకి నీటి ఎద్దడా? నాకు?" ఆమె రెండు చేతులూ నడుముకు చేరాయి. "ఆగస్టంతా రోజుకి నాలుగు బిందెలు పోశాను! మీరు గోడ దగ్గరే నిలబడి చూశారు, లెక్క రాసుకున్నారు కూడా! ఆ ఆకు కాలం వచ్చి పండిందే. కాడ చూడండి, ఎంత శుభ్రంగా ఊడిందో. నీళ్లు లేక పండితే కాడ ఎండి వేలాడుతుంది. ఈ మాత్రం తెలీదా మీకు?"

"తెలుసు" అన్నాడు నసీబ్.

"తెలిసీ..."

ఆమె ఆగిపోయింది. ఆయన మొహం వైపు చూసింది. ఆ మొహం అంజూరపాకు కంటే పాలిపోయి ఉంది. కానీ చూపు తిప్పుకోలేదు. చక్కెర లేని పళ్లెం మీదికి ఒకసారి, మళ్లీ ఆమె మీదికి ఒకసారి చూశాడు, అంతే. అద్లా హఠాత్తుగా పప్పులో మునిగిపోయింది.

"మీ పుస్తకంలో ఏం రాసుకుంటారు?" అని అడిగింది లబీబా, చాలా నెమ్మదిగా.

"ఇదే. సెప్టెంబరు ఇరవై ఏడు, వేసవి కొనసాగుతున్నది."

"పదిహేడో పుస్తకంలోనా?"

"పదిహేడో దాంట్లోనే."

ఆ పుస్తకాల్లోకి ఏ మాట ఎలా ఎక్కుతుందో ఆ ఊళ్లో ఆమెకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఆమె చేతులు నడుము మీది నుంచి దిగాయి.

"మరి ఉప్పో?" అన్నాడు ముఖ్తారు, ఒంటరిగా న్యాయం కాపాడుతున్న మనిషి విసుగుతో. "నేను నాలుకతో రుచి చూశాను!"

"అద్లా గారి పిల్లి నాకి ఉంటుంది."

"మా పిల్లి ఉప్పు ముట్టదు" అంది అద్లా. "చేప తింటుంది. అది కూడా వేయించిందయితేనే."

"నాకడమే కాదు, పక్కనున్న తొట్టిలో మూతి ముంచి వచ్చి నాకింది. అందువల్ల తడి" అన్నాడు నసీబ్. ఒక్క అబద్ధం చెప్పడానికి యాభై ఏడేళ్లు పట్టిన మనిషికి మిగతావాటికి అరనిమిషం పట్టలేదు.

ముఖ్తారు నిట్టూర్చి, రాసిన నాలుగు పంక్తులూ కొట్టివేసి, కొత్తగా మొదలుపెట్టాడు: "పై ఆధారాలను పరిశీలించిన మీదట ఈ తోటలో వేసవి..." అక్కడ కాగితం మీద టప్పున ఒక చుక్క పడింది. వేసవి అన్న మాట మీద సిరా పువ్వులా విచ్చుకుంది. రెండో చుక్క కుచ్చుటోపీ మీద పడింది.

"ఇదేమిటి?" అన్నాడాయన పైకి చూసి.

"పందిరికి పొద్దున పోసిన నీళ్లయి ఉంటాయి" అన్నాడు నసీబ్.

"పందిరికి నీళ్లు పైనుంచి ఎవరైనా పోస్తారా?"

"నేను పోశాను బాబాయ్" అంది లబీబా. "ఎండకి ఆకులు మాడిపోతున్నాయని."

కొండ అవతల ఉరిమింది. పెద్ద ఉరుము, లోయ దాటి వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. ముఖ్తారు ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఇది?"

"సున్నపు బట్టీకి పోయే లారీ" అన్నారు ఇద్దరూ దాదాపు ఒకేసారి.

"ఆదివారమా?"

"నాకేం తెలుసు? నేను పప్పు ఏరుకుంటున్నాను" అంది అద్లా, పళ్లెం మీద తలగుడ్డ చెంగు కప్పుతూ.

చినుకులు దట్టమయ్యాయి. పొడి నేల నుంచి ఏడాదికొక్కసారి లేచే వాసన లేచింది. పదిహేడేళ్లుగా ఆ వాసన మొదట తగిలిన నిమిషాన్ని రాసుకున్న మనిషి గడియారం వైపు చూసుకోలేదు.

"ఎండ మరీ ఎక్కువగా ఉంది. వసారాలోకి పదండి" అంది లబీబా, తల మీద పడ్డ నీటిని తుడుచుకుంటూ. కాఫీ పళ్లెం ఆమే తీసుకుంది. గిన్నెల్లో వాన పడి ముదురు రంగు పలచబడుతోంది. "ఇంత వేడిలో కాఫీ ఎవరు తాగుతారు! నాదే బుద్ధి తక్కువ." నాలుగు గిన్నెలూ దానిమ్మ మొదట్లో పారబోసింది.

ఆమె మళ్లీ వచ్చినప్పుడు పొడుగాటి గ్లాసుల్లో మల్బరీ పళ్ల షర్బతు ఉంది. బావి నీళ్లతో కలిపింది, చల్లగా, ఊదారంగులో. నడివేసవిలో తప్ప ఎవరూ తాగని పానీయం. వసారా చూరు నుంచి ధారలు కడుతున్న నీటి తెర వెనక నలుగురూ కూర్చున్నారు. ముఖ్తారు ఒక గుక్క తాగి భుజాలు దగ్గరికి లాక్కున్నాడు.

"పళ్లు జివ్వుమన్నాయి. ఒక శాలువా ఏమన్నా..."

"ఎండాకాలం శాలువా అడిగితే జనం నవ్వుతారు బాబాయ్" అంది లబీబా.

"సరే, సరే. ఈ కాగితం ముగించనివ్వండి, ఇంటికి పోయి జ్వరం తెచ్చుకుంటాను. తీర్మానం చెప్పు ఉస్తాద్."

నసీబ్ చెప్పాడు, ప్రతి మాటా తూచి చెప్పాడు. తనకు రావలసిన జవాబును తన నోటితోనే వాయిదా వేసుకుంటున్న మనిషికి మాటలు తూచుకోవడం తప్ప వేరే ఊరట లేదు. అది గడువు లేని వాయిదా అనీ, గోడ అవతల తన వంటింట్లో తాను ఒక్కడే కూర్చుని తినే రొట్టెలు ఇక లెక్కకు మించి ఉంటాయనీ ఆయనకు తెలుసు. ముఖ్తారు రాశాడు:

"ఈ తోటలో ఆకురాలు కాలం ఇంకా రాలేదు. అది వచ్చినదీ రానిదీ అర్జీదారు, యజమానురాలు ఇద్దరూ ఒక్క మాటగా ఒప్పుకున్న నాడే తేలును. అంతవరకు యజమానురాలు ఏ జవాబూ చెప్పవలసిన పని లేదు. అర్జీదారు ప్రతి ఉదయం గోడ వద్ద హాజరై తోట స్థితిగతులను ఆమెను అడిగి తెలుసుకోవలెను."

"ఆరింటికి" అన్నాడు నసీబ్.

"ఆరుకు ఇరవై నిమిషాల ముందు" అంది లబీబా.

ముఖ్తారు అలాగే చేర్చాడు. "చలికాలంలో కూడానా?" అని అడిగాడు.

"చలికాలం ఎలా వస్తుంది? ఆకురాలు కాలమే రాలేదుగా" అంది ఆమె.

ముందు నసీబ్ సంతకం చేశాడు, పూర్తి పేరు, తండ్రి పేరు, తేదీ. కలం చెయ్యి మారేటప్పుడు వాళ్ల వేళ్లు తగిలాయో లేదో మహజరులో లేదు. లబీబా సంతకం చేసింది. అద్లా కలం పట్టుకుని, "నేను నిజం చూశానని రాయకు తనూస్. కూచున్నానని మాత్రం రాయి" అని, తన పేరు గీకింది. ముఖ్తారు ముద్ర నోటి ఆవిరితో తడిపి అద్దాడు. ముద్ర కొంచెం ఒరిగింది.

లబీబా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి గదికి తీసుకువెళ్లింది. గోడవారనున్న పెద్ద చెక్కపెట్టె తెరిచింది. ఉన్ని దుప్పట్లు పదిరోజుల కిందటే తీసి పడకల మీద పరిచింది కనుక పెట్టె ఖాళీగా ఉంది. ఆ కాగితానికి కావలసినంత చోటు దొరికింది. అడుగున పెట్టి, మూత వేసింది.